లేదనని దుకాణం

మా దుకాణంలో అన్నీ దొరుకుతాయి, ఒక్క ‘లేదు’ అనే మాట తప్ప. ఇది గొప్పకు చెప్తున్నది కాదు, విసుగొచ్చి చెప్తున్నది. శాలిబండలో మా తాత పెట్టిన స్టీలు సామాన్ల దుకాణం మాది. గంజులు, బకెట్లు, టిఫిన్ డబ్బాలు, పెండ్లిళ్ళలో పెట్టే పళ్ళేలు. గిరాకీ వచ్చి ఏదడిగినా ‘లేదు’ అనకూడదు. “రేపొస్తది” అనాలి. “నిన్ననే అయింది, మాల్ దారిల ఉంది” అనాలి. అదీ కుదరకపోతే దానికంటే పెద్దది తీసి ముందర పెట్టాలి. పొద్దున బోణీ కాకముందు ఆ మాట ఎవరి నోటినుంచైనా వచ్చిందా, ఆ రోజు గల్లాపెట్టె ఎందుకు మూగబోయిందో మా నాయనమ్మ నాగమణమ్మ రాత్రిదాకా చెప్తూనే ఉంటుంది. ఇంట్లోనూ అంతే. బియ్యం డబ్బాకు అడుగు కనబడ్డా ‘నిండుకున్నయ్’ అనాలి. చిన్నప్పుడు నేనొకసారి గిరాకీతో “మూత లేదు” అన్నానట. నాయనమ్మ నా నోట్లో చక్కెర పోసి ఆ మాటను మింగించిందట.

అట్లాంటి ఇంట్లో పుట్టినదాన్ని తీసుకుపోయి లెక్కల పోటీలో కూర్చోబెట్టారు. ఆ ఏడు బోనాల నుంచి చలికాలం దాకా నాకు కావలసింది ఒకే ఒక్క మాట. అది మా ఇంట్లో ఎవరూ పలకని మాట.

మొదలు మాత్రం బాగానే ఉంది. డానియేలు సార్ పదో తరగతిలో నాకు లెక్కలు చెప్పారు. ఆ ఏడే రిటైరయ్యారు. ఒకరోజు దుకాణానికి వచ్చి స్టూలు మీద కూర్చొని, “కైలాసం గారూ, మీ కీర్తిప్రియతోని ఒలింపియాడ్ రాయిద్దాం” అన్నారు.

“రాస్తే ఇంజనీరింగు సీటు వస్తదా సార్?” అన్నాడు బాపు.

“రాదు.”

“మరేమొస్తది?”

“లెక్కలొస్తయ్.”

బాపుకు అది నచ్చలేదు. తర్వాత సార్ మెట్లు వివరించారు. ముందు ఒక పరీక్ష, అందులో నెగ్గితే రెండోది, అందులోనూ నెగ్గితే దేశం మొత్తం మీద ఇంకొకటి, ఆ పైన క్యాంపు, ఆఖరికి దేశం తరఫున బయటి దేశానికి. బాపు చెవిలో ఆ చివరి మెట్టు ఒక్కటే పడింది. అప్పటికే ఇంటర్ మొదటి సంవత్సరం. పొద్దున కాలేజీ బస్సెక్కితే దీపాలు పెట్టేవేళకు ఇంటికి చేరేదాన్ని. ఇక ఆదివారాలు కూడా పోయాయి. షేర్ ఆటోలో ఇరుక్కుని మలక్‌పేటలో సార్ ఇంటికి పోయేదాన్ని. సార్ భార్య లీలమ్మ ఆంటీ చాయ్ గ్లాసు చేతికిచ్చి, నా మొహం చూసి, “ఈ పిల్లకు చాయ్ గాదు, మంచం గావాలె” అనేది.

అయినా ఇష్టంగానే పోయేదాన్ని. అబద్ధం ఎందుకు, నాకు లెక్కలంటే ప్రాణం. సార్ దగ్గర ఒక్క లెక్కతో పూటంతా గడిపినా ఎవరూ గడియారం చూపించరు. కాలేజీలో అయితే నిమిషానికొకటి తెగ్గొట్టి పారెయ్యాలి.

బోనాలు దగ్గరపడ్డాయి. మా గల్లీలో మైకు పొద్దున్నే లేచి మమ్మల్ని లేపుతున్న రోజులు. ఆ ఆదివారం సార్ కాగితం మీద గళ్ళు గీశారు. “ఆరు నిలువు, ఆరు అడ్డం. నాలుగు గళ్ళ పొడుగు పట్టీలు తొమ్మిది ఉన్నయ్. పట్టీ మీద పట్టీ పడొద్దు, ఒక్క గడి ఖాళీ ఉండొద్దు. పట్టియ్యొచ్చా?”

“పట్టియ్యొచ్చు సార్. నాలుగు తొమ్ములు ముప్పై ఆరు. సరిపాయె గదా.”

“సరే, పట్టిచ్చి చూపియ్.”

వారమంతా కాలేజీ బస్సులో, క్లాసులో, మంచం మీద అదే పని. మరుసటి ఆదివారం వట్టి చేతులతో పోయాను. “ఇంక రాలే సార్. వస్తది” అన్నాను.

సార్ కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. “ఒక్కసారన్న ఇది పట్టదేమో అనిపించిందా?”

“అనిపించింది.”

“ఎప్పుడు?”

“సోమవారమే.”

“మరి గదే రాయకపోయినవ్? వారం దినాలు ఎందుకు తిప్పలు పడ్డవ్?”

ఏమని చెప్పాలి, నోట్లో చక్కెర పోస్తారని చెప్పాలా? సార్ పెన్ను తీసుకుని గళ్ళకు రంగులు వేసే ఉపాయం చూపించారు. చూస్తుండగానే తేలిపోయింది. ఎవరు ఎంత తన్నుకున్నా ఆ పట్టీలు ఆ గళ్ళలో పట్టవు. “లెక్కలల్ల సగం పని ఇదే బిడ్డా. లేనిది లేదు అనుడు, ఎందుకు లేదో చెప్పుడు. వెతికి దొరకలేదు అంటే మార్కు రాదు. లేదు అని చూపిస్తే పూరా మార్కులు” అన్నారు.

ఆ మాట ఆటోలో తలుచుకుంటే నవ్వొచ్చింది. మా బాపుకు చెప్తే గుండె ఆగుతుంది అనుకున్నాను.

చెప్పే వీలు రానేలేదు. ఇంటికి వచ్చేసరికి, లెక్క రాసుకుని మంచం మీద వదిలేసిన నా గళ్ళ కాగితం బాపు చేతిలో ఉంది. బాపు సామాను సర్దుతుంటే చూసి తీరాలి. గంజులో గంజు, దాంట్లో డబ్బా, దాంట్లో గ్లాసులు, సందుల్లో గంటెలు. ఒక అట్టపెట్టెలో పెండ్లి సామానంతా దించేస్తాడు. ఆ చేతికి పట్టనిది ఇంతవరకు పుట్టలేదని బాపు నమ్మకం. అట్టపెట్టె మూత మీద గళ్ళు గీసి, పట్టీలు కత్తిరించి గల్లాపెట్టె పక్కన పెట్టుకున్నాడు. గిరాకీ లేనప్పుడల్లా అదే ఆట. ఎట్లా పేర్చినా చివరికి ఎక్కడో మూలకు ఒక గడి, ఇంకో మూలకు మూడు గళ్ళు మిగిలేవి.

పక్కన అత్తరు దుకాణం ఖలీల్ భాయ్ వచ్చి నిలబడి చూసి, “నై బైఠ్‌తా సేఠ్. ఛోడ్ దో” అని, పట్టదు వదిలెయ్యమన్నాడు.

“బైఠేగా భాయ్, బైఠేగా” అన్నాడు బాపు తల ఎత్తకుండా. తర్వాత నావైపు తిరిగి, “ఏం బిడ్డా, పడ్తది గదా?” అన్నాడు.

దుకాణంలో నిలబడి ఉన్నాను. దీపం ముట్టించే వేళ. “పడ్తది బాపు” అన్నాను. ఇంకేమంటాను?

మొదటి పరీక్ష నెగ్గాను. నెగ్గకపోయినా బాగుండేదని ఆ నెల తిరగకముందే అనిపించింది. దసరాకు మా గల్లీ కమిటీ ప్రెసిడెంటు బాలనర్సింహ మూలమలుపులో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. పిండిగిర్ని నడుపుతాడు, మనసు మంచిది, గొంతు మైకుతో పోటీ పడుతుంది. ఫ్లెక్సీలో పైన అమ్మవారు, కింద కమిటీ వాళ్ళు, మధ్యలో నేను. ఆధార్ కార్డు ఫొటో పెద్దది చేసి వేశారు. ‘మన గల్లీ గణిత కిరణం’ అని రాయించారు. రోజూ కాలేజీ బస్సు కోసం ఆ మలుపులోనే నిలబడాలి. నిద్రమొహంతో నేను కింద, కళ్ళు తేలేసి నేను పైన.

బాపు ఇంకో కోచింగులో చేర్పించాడు. కాలేజీ అయ్యాక అది, అది అయ్యాక ఇల్లు. అప్పటిదాకా సాయంత్రం కాసేపు దుకాణంలో కూర్చొని గ్లాసులకు కాగితాలు చుట్టేదాన్ని. చేతులు ఏదో చేస్తుంటే తల ఖాళీగా ఉండేది. నాకున్న విశ్రాంతి అదొక్కటే. అదీ మాన్పించాడు. “నువ్వు గిన్నెలు ముట్టకు. నీ చేతులు లెక్కలకు” అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, అదే నా బాధ. తిడితే తిరిగి ఒక మాట అనొచ్చు.

అలసట అంటే నిద్ర చాలకపోవడం అనుకునేదాన్ని. కాదు. ఆదివారం పడుకోనిచ్చినా కళ్ళు మూతపడేవి కావు. సార్ ముందు లెక్క పెడితే అక్షరాలు అక్షరాల్లాగే కనబడేవి, లోపల ఏదీ కదిలేది కాదు. అంతకుముందు ఒక లెక్క చూస్తే కడుపులో చిన్న ఉలికిపాటు ఉండేది. అది పోయింది. దాని కోసం నేను బెంగపడ్డట్టు మనిషి కోసం కూడా ఎప్పుడూ బెంగపడలేదు.

రెండో పరీక్ష చలి మొదలయ్యాక వచ్చింది. ఈసారి జవాబుపత్రంలో గుండ్రాలు దిద్దడం కాదు, విడమరిచి రాయాలి. ఆరు లెక్కలు, మూడు గంటలు. రెండోది చదివాను: ఫలానా లక్షణం ఉన్న పూర్ణసంఖ్యలన్నీ కనుక్కోండి. చిన్నవి వేసి చూశాను, కుదరలేదు. పెద్దవి వేసి చూశాను, కుదరలేదు. అట్లాంటి సంఖ్య ఏదీ ఉండదని కాసేపటికే తెలిసింది. ఎందుకు ఉండదో కూడా సగం తెలిసింది. రాస్తే చాలు. పెన్ను కాగితం మీద పెట్టాను, చెయ్యి కదల్లేదు.

ఎవరో పెద్దమనిషి మా దుకాణం మెట్లెక్కి వచ్చి, అమ్మా, ఇట్లాంటిది ఇవ్వు అని అడిగినట్టు, నేను ఆయనను వట్టి చేతులతో పంపుతున్నట్టు అనిపించింది. నవ్వుతారు మీరు. నేనూ ఇప్పుడు నవ్వుతాను. ఆ పొద్దు మాత్రం, కన్నులు గారడీ చేస్తున్నాయేమో, ఇంకొకటి వేసి చూద్దాం, ఇంకాస్త పెద్దది చూద్దాం, దొరక్కపోతుందా అని వెతుకుతూనే కూర్చున్నాను. మిగతా లెక్కలు పక్కన అట్లాగే ఉన్నాయి. తల ఎత్తేసరికి కాగితాలు లాక్కుంటున్నారు.

సార్ బయట చెట్టుకింద నిలబడి ఉన్నారు. “రెండోది ఎట్ల చేసినవ్?”

“ఎన్ని చూసినా దొరకలే సార్.”

“దొరకవు. లేవని రాసినవా?”

నేను నేల చూశాను. సార్ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నారు. “పా, ఆటో చూద్దాం” అన్నారు.

జాబితా పెట్టిన రోజు ఫోనులో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాను. ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు అనిపించింది. దుకాణంలోకి పోయి, “బాపు, లిస్టు పెట్టిన్రు. అండ్ల నా పేరు...” అన్నాను. మిగతా మాట గొంతులోనే ఉండిపోయింది.

బాపు తక్కెడ పక్కకు జరిపి నా మొహం చూశాడు. అర్థమయింది, ఎందుకు కాకుండా ఉంటుంది. కానీ ఎదురుగా గిరాకీ ఉంది. “వస్తది తియ్ బిడ్డా. ఇంకో లిస్టు పెడ్తరు” అన్నాడు.

ఇంకో లిస్టు లేదు. అది బాపుకూ తెలుసు, అమ్మకూ తెలుసు. అయినా ఆ రోజునుంచి ఎవరడిగినా ఒకటే జవాబు. “రిజల్టు దారిల ఉంది.” లారీలో రావలసిన సామాను గురించి చెప్పే మాటే అది. గిరాకీ ఆర్డరిచ్చి మర్చిపోయిన డేగిసా గిన్నెను నేను. ఇయ్యాల రాలేదు, రేపొస్తాను. పాలవాడు అడిగేవాడు, పూలామె అడిగేది. బాలనర్సింహ అయితే సన్మానానికి శాలువా కూడా చూసి పెట్టాడట. కోచింగు ఆగలేదు. బాపు వచ్చే ఏడాది పరీక్షకు కొత్త పుస్తకాల కట్ట తెచ్చి నా మంచం మీద పెట్టాడు. ఆ కట్ట పక్కకు నెట్టి పడుకోవడానికి కూడా ఓపిక లేక దాని పక్కనే ముడుచుకుని పడుకున్నాను.

ఒక శుక్రవారం కాలేజీకి పోలేదు. జ్వరం అని చెప్పాను, జ్వరం లేదు. వంటింటి గడప మీద కూర్చున్నాను. నాయనమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, “నిండుకున్నయ్” అని అమ్మను కేకేసింది. నన్ను చూసి పక్కన కూలబడింది.

“ఏమైంది బిడ్డా? మొహం గట్ల గుంజుకపోయింది?”

“నాతోని అయితలేదు నాయనమ్మా.”

“బాపుకు చెప్పు.”

“ఏమని చెప్పాలె? ఆ మాట మీరు అననియ్యరు గదా” అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు, జాబితా చూసినప్పుడు రానిదంతా.

నాయనమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. ఆ నియమం పెట్టిన మనిషి ఆమె మొగుడు, కాపాడుకొచ్చిన మనిషి ఆమె. “దుకాన్ల అనొద్దు. షట్టర్ దించినంక అది దుకాన్ గాదు, మనిల్లే. ఇయ్యాల నమాజు యాళ్లకు మీ బాపు సగం షట్టర్ దించి అన్నం తింటడు. సద్ది నువ్వు తీస్కపో” అంది.

తీసుకుపోయాను. బజారు పల్చబడి ఉంది. బాపు షట్టరు సగం దించి, నేలమీద అట్ట పరుచుకుని కూర్చున్నాడు. అన్నం కలుపుతూ ఎడమచేత్తో ఆ పట్టీలు జరుపుతున్నాడు. బోనాలప్పటి అట్ట, మూలలు నలిగిపోయాయి. ఇంకా వదల్లేదు మనిషి.

అట్టపెట్టెల మీద గుర్తులు పెట్టే నల్ల మార్కరు తీసుకుని పక్కన కూర్చున్నాను. “బాపు, ఒక్కటి చూడు.”

గళ్ళను నాలుగేసి చొప్పున చిన్న చదరాలు చేశాను. మూలనున్నది నలుపు, పక్కది తెలుపు, దాని పక్కది నలుపు. బాపు అన్నం ముద్ద పట్టుకుని చూస్తున్నాడు.

“ఇప్పుడు పట్టీ ఎక్కడన్న పెట్టు.”

అడ్డంగా పెట్టాడు. నిలువుగా పెట్టాడు. ఒక గడి జరిపి పెట్టాడు.

“ఎట్ల పెట్టినా రెండు నల్లవి, రెండు తెల్లవి మూస్తది. అవునా?”

“అవును.”

“అంటే తొమ్మిది పట్టీలకు నల్లవెన్నో తెల్లవన్నే గావాలె. లెక్కవెట్టు.”

బాపు లెక్కపెట్టాడు. ఎంగిలి చెయ్యి పక్కకు పట్టుకుని ఇంకోసారి లెక్కపెట్టాడు. “నల్లవి ఇరవై. తెల్లవి పదహారే.”

“మరి?”

పట్టీని చేత్తో తిప్పుతూ ఉండిపోయాడు. “అంటే పట్టది.”

“పట్టది బాపు.”

“ఎంత చేసినా?”

“ఎవరు ఎంత చేసినా.”

“అంటే నాకు శాతగాక గాదు.”

“గాదు. అది లేదు, అంతే.”

బాపు పట్టీని అట్ట మీద పెట్టేశాడు. “నీకెప్పటిసంది ఎరుక?”

“బోనాలప్పటి సంది.”

“మరి చెప్పకపోతివి.”

“దుకాన్ల నిలబడి ఎట్ల చెప్పాలె?”

ఇక ఆగితే మళ్ళీ గొంతులో ఉండిపోతుందని ఒక్క ఊపిరిలో అన్నాను. “లిస్టుల నా పేరు లేదు బాపు. ఇంకో లిస్టు లేదు. వచ్చే యేడు నేను పరీక్ష రాయ. లెక్కలు చేస్త, నాకిష్టం. కోచింగు పోను. నాకు శాతనైతలేదు.”

బాపు మిగిలిన అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, తొమ్మిది పట్టీలూ ఏరి రబ్బరు బ్యాండు వేశాడు. షట్టరు పైకి లేపాడు. అప్పుడే ఎవరో టిఫిన్ డబ్బా ధర అడిగారు. నేను ఖాళీ సద్దిగిన్నె తీసుకుని ఇంటికి వచ్చేశాను. గోడకు చెప్పుకున్నట్టే అయిందనుకున్నాను.

మరునాడు పొద్దున బాపు నన్ను కాలేజీకి లేపలేదు. నేనే లేచి, ఏం చేయాలో తోచక దుకాణంలోకి పోయి గ్లాసులకు కాగితాలు చుడుతూ కూర్చున్నాను. వద్దనలేదు. నాయనమ్మ గల్లాపెట్టె పక్కన దేవుడి పటానికి పూలు పెడుతోంది. బాపు అగరుబత్తి ముట్టించాడు. ఇంకా బోణీ కాలేదు. మెట్ల మీద బాలనర్సింహ గొంతు వినబడింది, తర్వాత మనిషి.

“కైలాసమన్నా, శాలువా తెచ్చిన. రేపు ఆదివారం పెట్టుకుందామా? ఇంతకు మన బిడ్డ రిజల్టు ఏమాయె?”

నేను తల వంచుకుని కాగితం చుడుతున్నాను. నాయనమ్మ చేతిలో పూవు చేతిలోనే ఉంది. బాపు అగరుబత్తిని పటం చుట్టూ తిప్పుతూ ఉన్నాడు, ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. ‘దారిల ఉంది’ అనే మాట కోసం నేను చెవులు మూసుకున్నంత పని చేశాను.

“లేదు బాలనర్సింహా” అన్నాడు బాపు.

“ఇంక రాలేదా?”

“వచ్చింది. అండ్ల మా పిల్ల పేరు లేదు. మంచిగ చదివింది, అలిసిపోయింది. ఇంక రాయదు. ఆ ఫ్లెక్సీ తీపిచ్చెయ్.”

బాలనర్సింహ నోరు తెరిచి, నాయనమ్మ వైపు చూశాడు. బోణీ కాకముందు ఆ మాట అన్నందుకు ముసలమ్మ ఏమంటుందోనని. నాయనమ్మ పూవును పటానికి పెట్టి, రేకులు సర్ది, “చాయ్ తాగి పో బిడ్డా” అంది.

ఆయన పోయాక ఒకామె వచ్చి పాత గంజు ఒకటి తీసి, దీనికి సరిపోయే మూత కావాలంది. బాపు గంజు అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఈ సైజుది నా దగ్గర లేదమ్మా” అన్నాడు. రెండోసారి అనేటప్పటికి నోరు కాస్త తిరిగింది.

లోపల అట్టపెట్టెల సందులో చాప ఉంటుంది. దాని మీద వాలాను. బయట ఆటోలు, హారన్లు, గిన్నెల చప్పుడు, ఖలీల్ భాయ్ దుకాణం రేడియో. నాయనమ్మ వచ్చి దుప్పటి కప్పడం తెలిసింది. బోణీ ఎప్పుడయిందో తెలియదు. నేను నిద్రపోయాను.